రాత్రి డాక్టరు కోసం వెతుకులాట

అక్కకు న్యుమోనియా అని తేలిన రోజు మా బావ అడిగిన మొదటి ప్రశ్న జబ్బు గురించి కాదు. "రాత్రి ఎవరుంటరు?" అన్నాడు.

అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు పోయే దారిలో, రెండు లాడ్జీల మధ్య ఇరుక్కుని ఉన్న ప్రైవేటు దవాఖాన అది. 'ఐసీయూలో పగలూ రాత్రీ స్పెషలిస్టు వైద్యులు' అని గేటు మీద ఆకుపచ్చ అక్షరాల బోర్డు. చీకటి పడగానే బోర్డుకు లైటు కూడా వేస్తారు. రాత్రి పని చేస్తుందని కళ్లారా చూసింది మేము ఆ బోర్డునే.

నేను బషీర్‌బాగ్‌లో ఒక డిగ్రీ కాలేజీలో ఆడిటింగ్ చెప్తాను. చూపించినదాన్ని చూపించినట్టు నమ్మకూడదని పిల్లలకు నేర్పడం నా ఉద్యోగం. ఏళ్ల తరబడి చెప్పీ చెప్పీ అది పాఠంగా మిగలలేదు, స్వభావమైపోయింది. పాలు పొంగాయని ఇంట్లో ఎవరైనా అంటే వంటింట్లోకి పోయి చూసి వస్తాను. అయినా అనుమానం విషయంలో బావ ముందు నేను మొదటి సంవత్సరం కుర్రాణ్ణి.

బావది అబిడ్స్‌లో ప్యాంటు గుడ్డల దుకాణం. జనం ప్యాంట్లు కుట్టించుకోవడం మానేసి చాలా కాలమైంది. ఆ కబురు తన దాకా ఇంకా రానట్టే ఆయన రోజూ షట్టరు తీస్తాడు. దుకాణంలో ఆయనకొక పద్ధతుంది. భోజనానికి పోయేటప్పుడు పాత చష్మా ఒకటి గల్లాపెట్టె మీద పెట్టి, పక్కన సగం తాగిన చాయ్ గ్లాసు వదిలి వెళ్తాడు. సేఠ్ ఇక్కడే ఎక్కడో ఉన్నాడనుకుని పనివాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుంటారని ఆయన నమ్మకం. వాళ్లకు ఆ సంగతి ఎప్పుడో తెలిసిపోయిందని నా నమ్మకం.

ఐసీయూకు అద్దం తలుపు ఉంది. అందులోంచి చూస్తే నర్సుల టేబులు, దాని వెనక ఒక కుర్చీ, కుర్చీ వీపుకు తెల్ల కోటు, కోటు జేబులోంచి వేలాడుతున్న స్టెతస్కోపు కనిపించేవి. కుర్చీలో మనిషి మాత్రం లేడు. చేర్చిన రోజు మధ్యాహ్నం లేడు, రాత్రి లేడు. మర్నాడు పొద్దున చూస్తే కోటు మడత కూడా మారలేదు.

"బామ్మర్దీ, గది చూసినవా?" అన్నాడు బావ.

"కోటు."

"కోటు గాదు. అది నా చష్మా."

ఆ పొద్దున పగటి స్పెషలిస్టు వచ్చాడు. వెనక నలుగురైదుగురు జూనియర్లు, ఫైళ్లు, ఒక చిన్న ఊరేగింపు. అక్కను చూసి బయటికి వచ్చి మాతో నిలబడి మాట్లాడాడు. మనిషి మంచివాడే, తొందరలో ఉన్న మంచివాడు.

"రెండు పక్కలా ఊపిరితిత్తులు పట్టేశాయి. మందు పనిచేయడానికి టైము పడుతుంది. అప్పటిదాకా ఆమె సొంతంగా ఊపిరి తీయగలగాలి. ఈ రాత్రి అలసిపోతే గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టాల్సి వస్తుంది. పెద్ద ఆస్పత్రికి మార్చుకుంటామంటే సాయంత్రం లోపల చెప్పండి. అలసిపోయాక అంబులెన్సులో కదిలించడం నాకిష్టం లేదు."

"రాత్రి మీరుంటారా?" అని అడిగాను.

"మా టీమ్ ఉంటుంది."

టీమ్ అనే మాట ఆడిటింగులో కూడా వస్తుంది. సంతకం ఎవరిదో కనబడనప్పుడు వస్తుంది.

దాంతో మా పని తేలిపోయింది. రాత్రి ఇక్కడ పని తెలిసిన డాక్టరు ఉంటే అక్కను ఉంచాలి. లేకపోతే సాయంత్రం లోపల మార్చాలి. కదిలిస్తే దారిలో ప్రమాదం, ఉంచితే ఇక్కడ ఎవరూ లేని ప్రమాదం. ఇద్దరం డాక్టరును వెతకడానికి బయలుదేరాం.

రిసెప్షన్‌లో అమ్మాయి నవ్వింది. "ఉంటరు సార్, ట్వంటీఫోర్ అవర్స్."

"పేరేందమ్మా?" అన్నాడు బావ.

"డ్యూటీలు మారుతుంటయి సార్."

"ఇయ్యాల ఎవరికి మారింది?"

"అది ఐసీయూల అడగున్రి."

గేటు దగ్గర వాచ్‌మన్‌ను పట్టుకున్నాడు బావ. "అన్నా, నిజం చెప్పు. రాత్రిపూట పెద్ద డాక్టరు కారు ఈడ ఎన్నడన్న ఆగిందా?"

"రాత్రి నేను ఏ కారును గూడ ఆగనియ్య సార్. అంబులెన్సుకు అడ్డమైతది."

ఇంత నిజాయితీగా ఏమీ చెప్పకుండా ఉండడం నేను సాక్షుల్లో అరుదుగా చూశాను.

ఐసీయూలోంచి మందుల కోసం బయటికి వచ్చిన నర్సు మాత్రం ఒక ముక్క విడిచింది. "మేడం చూస్తుంటది సార్. ఫికర్ చెయ్యకున్రి."

"ఏ మేడం? ఏడుంటది?"

లోపల ఏదో మెషీను మోగింది. ఆమె తిరిగి పరిగెత్తింది.

"చూస్తుంటదంట," అన్నాడు బావ. "ఉంటదని అన్లే. విన్నవా?"

మేడం మేడ మీద ఉంటుందేమోనని అంతస్తు తర్వాత అంతస్తు ఎక్కాం. ఒకదాంట్లో వార్డు, ఒకదాంట్లో ఆపరేషన్ థియేటరు, ఆ పైన క్యాంటీను. క్యాంటీను పక్కన 'వైద్యుల విశ్రాంతి గది' అని రాసి ఉన్న తలుపుకు తాళం వేలాడుతోంది. బావ గుడ్డ నాణ్యం చూసినట్టు బొటనవేలితో తాళాన్ని రుద్ది, వేలు నాకు చూపించాడు. దుమ్ము. "విశ్రాంతి గూడ తీస్కుంటలేరు పాపం," అన్నాడు. ఇక మిగిలింది డాబా. అక్కడ తీగల మీద ఆకుపచ్చ దుప్పట్లు ఆరుతున్నాయి, నాంపల్లిలో రైలు ఏదో కూత వేసింది. స్పెషలిస్టు లేదు.

డాబా మీద నుంచే నగరం అవతలి పెద్ద ఆస్పత్రికి ఫోన్ చేశాను. పడక ఉందన్నారు. రాత్రి ఐసీయూలో ఎవరుంటారని అడిగితే "మా దగ్గర అందరూ ఉంటారు సార్, తీసుకొచ్చేయండి" అన్నారు. అందరూ ఉంటారన్నప్పుడు నాకు ఇంకొంచెం భయం వేస్తుంది. అయినా పడక పట్టి ఉంచమన్నాను, అంబులెన్సు ఎంతలో వస్తుందో కనుక్కున్నాను.

సాయంత్రం రోగిని చూసే వేళ ఒక్కొక్కరినే లోపలికి వదిలారు. ముందు నేను పోయాను. అక్క మాస్కు కింద పెద్దపెద్ద ఊపిరి తీస్తోంది. కూరగాయల సంచితో నాలుగు అంతస్తులు ఎక్కి గుమ్మంలో నిలబడ్డ మనిషిలా ఉంది. ఎక్కడం అయిపోయినా ఆయాసం ఆగడం లేదు.

"మీ బావ... ఎవ్వల్తోనన్న... కొట్లాడిండా?" అంది.

"ఇంకా లేదక్కా."

నమ్మలేదు. మా ఇంట్లో అందరికీ అదే గుణం.

నేను వచ్చాక బావ పోయాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన ముఖంలో, పోయిన గుడ్డ తాను దొరికినప్పటి వెలుగుంది. నన్ను గోడ వారకు లాగాడు.

"లోపల కెమెరా ఉన్నది. గోడకు, మీ అక్క కాళ్ల దిక్కు. ఊకె ఉన్న కెమెరా గాదు. మెడ తిప్పుతున్నది. నేను ఇటు జరిగితే ఇటు, అటు పోతే అటు."

"దవాఖాన అన్నాక కెమెరాలుంటాయి బావా."

"నా దుకాణంల గూడ ఉన్నది. గల్లా మీద పెట్టిన. ట్రయల్ రూముల పెట్టిన్నా? మీ అక్క ఒంటి మీద చీర లేదు, ఆ తాళ్ల గౌను ఏసిన్రు. ఎవడో ఏడనో కూసోని జూమ్ చేస్కుంట చూస్తున్నడు. డాక్టర్లు లేరుగని, కెమెరాలు మాత్రం మస్తున్నయి."

నాకు నిజంగానే ఒళ్లు మండింది. "కంప్లయింట్ ఇద్దాం," అన్నాను.

"నువ్వు రాసుకుంట కూసో. నేను దాని మీద దస్తీ కప్పి వచ్చిన."

చెప్పడం పూర్తయిందో లేదో అద్దం తలుపు తెరుచుకుంది. రాత్రికి వచ్చిన డ్యూటీ డాక్టరు, చదువు ముగించి ఎంతో కాలం కాని అమ్మాయి, చేతిలో దస్తీతో నిలబడింది. నీలం గళ్ల చేతిరుమాలు. దాన్ని రెండు వేళ్లతో కొసన పట్టుకుంది.

"ఇది ఎవరిది?"

బావ క్లాసులో హాజరు చెప్పినట్టు చెయ్యెత్తాడు.

"ఇద్దరూ లోపలికి రండి. మేడం మాట్లాడతారట."

అక్క పడక పక్కకు చక్రాల బల్ల మీద ఒక స్క్రీను తోసుకొచ్చారు. అందులో ఒకామె కూర్చుని ఉంది. నెరిసిన జుట్టు, భుజాల మీద స్వెట్టరు, ముందు చాయ్ కప్పు. వెనక గోడంతా వెలుగుతున్న తెరలు.

"నమస్తే. దస్తీ ఉతికిందేనా?" అంది.

బావ తల ఊపాడు.

"మంచిది. నేను ఖైరతాబాద్‌ల కూసుంట. ఐసీయూ స్పెషలిస్టును. రాత్రి ఈ ఐసీయూ నేనే చూస్త. మీ ఆమెకు మెడ దగ్గర కండలు లోపలికి గుంజుకుంటున్నయి, అంటే ఊపిరికి కష్టపడుతున్నది. అదే చూస్తున్న. అంతల నాకు అంతా నీలం గళ్లు కనవడ్డయి."

అక్క మాస్కులోంచి బావ వైపు చూసిన చూపును ఇక్కడ రాయలేను. పెళ్లయినవాళ్లకు తెలుస్తుంది.

రాత్రి స్పెషలిస్టు కెమెరా వెనక ఉంటుందని మాకు ఒక్కరూ చెప్పలేదు. పగటివాళ్లు రాత్రివాళ్లు చెప్తారనుకున్నారట, రాత్రివాళ్లు పగటివాళ్లు చెప్పే ఉంటారనుకున్నారట. డ్యూటీ డాక్టరమ్మ ఈ మాట చెప్తూ కొంచెం సిగ్గుపడింది.

నేను నా ప్రశ్న అడిగాను. "మేడం, మీరు ఈ ఒక్క ఐసీయూనే చూస్తారా?"

"లేదు సార్. వేరే దవాఖానలవి గూడ ఉన్నయి."

"మొత్తం ఎన్ని పడకలు?"

"మీకు ఇష్టమయ్యేటన్నికంటె ఎక్కువ. నాక్కూడ తక్కువుంటెనే బాగుండు."

నేను ఇంకో ప్రశ్న వెతుక్కుంటుండగా బావ ముందుకు జరిగాడు.

"అమ్మా, నేను గూడ పెండ్లిళ్లకు పోయినప్పుడు ఫోన్ల నా దుకాణం చూస్త. మా పోరలు తప్పు తాను కోస్తుంటె కనవడుతది. ఆడికెళ్లి నేను కత్తెర గుంజుకోలేను గద? అట్లనే ఈమెకు సడెన్‌గ కష్టమైతె, ఖైరతాబాద్‌కెళ్లి మీరు ఏం చెయ్యగలుగుతరు?"

డ్యూటీ డాక్టరమ్మ నేల వైపు చూసింది. స్క్రీన్‌లో ఆమె చాయ్ కప్పు పక్కకు జరిపింది.

"గొట్టం నేను వెయ్యలేను. ఈ డాక్టరు వేసింది గని, ఇంకా చెయ్యి తిరగలే. మీ ఆమెకు మెడ పొట్టిగున్నది, కష్టమైతది. అనుభవమున్న మత్తు డాక్టరు కావాలె. ఆయన ఇల్లు గన్‌ఫౌండ్రీల. పిలిస్తె స్కూటర్ మీద వస్తడు. ఎప్పుడు పిలవాలె, ఏం ఇయ్యాలె, ఎంత ఇయ్యాలె, అది నేను చెప్త. నా చేతుల ఉన్నది అంతే."

"పిలిచినంక ఆయన అంగీ ఏస్కోని, స్కూటర్ తీసి, మొజంజాహీ మార్కెట్ కాడ ట్రాఫిక్ దాటి వచ్చేదాంక మా ఆమె ఊపిరి బిగవట్టుకోని కూసోవాల్నా?" అన్నాడు బావ. "పిలిచేదేదో ఇప్పుడే పిలువున్రి. కుర్చీ ఖాళీగనే ఉన్నది."

స్క్రీన్‌లో ఆమె ముందుకు వంగింది. ఆమె అక్కనే చూస్తోందని కెమెరా కదలికను బట్టి తెలుస్తోంది.

"నేనైతె ఇంకొంచెం చూసి పిలుద్దామనుకున్న," అంది చివరికి. "ఆయన చెప్పిందె మేలు. డాక్టర్, ఫోన్ చెయ్యి. నేను పిలిచిన్నని చెప్పు. అన్నం తినకుంటె టిఫిన్ కట్టుకొని రమ్మను."

బయటికి వచ్చాం. పెద్ద ఆస్పత్రి నుంచి అప్పటికే రెండుసార్లు ఫోన్ వచ్చింది, పడక ఎంతసేపు ఆపాలని. బావ బెంచీ మీద కూర్చుని మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఉంచుదాం," అన్నాడు.

"ఎందుకు?"

"చిరుగు చూపెట్టి గుడ్డ అమ్మినోన్ని నేను ఇంతవరకు చూడలే బామ్మర్దీ. నేనెన్నడు చూపెట్టలే. ఆమె అడగంగనే చూపెట్టింది. గొట్టం వెయ్యలేనన్నది, ఈ పిల్లకు చెయ్యి తిరగలేదన్నది. ఇంక ఆడికి పోతె ఆళ్లు అందరున్నరు అంటరు. ఆ అందర్ల ఎవరికి ఏం రాదో మనకెట్ల తెలుస్తది?"

పడక వద్దని ఫోన్ చేశాను. కానీ అనుమానం ఒక్కసారిగా పోయే వస్తువు కాదు. వెనక్కి పోయి డ్యూటీ డాక్టరమ్మను అడిగాను: "కరెంటు పోతే? నెట్టు పోతే?"

"ఫోన్ ఉంది సార్." మొబైల్ చూపించింది. బ్యాటరీ సగం కంటే తక్కువుంది. నేను కదలకుండా నిలబడ్డాను. ఆమె నిట్టూర్చి, ఛార్జరు తెచ్చి గుచ్చింది.

మత్తు డాక్టరు వచ్చాడు. చెప్పులు, నలిగిన చొక్కా, చేతిలో నిజంగానే టిఫిన్ డబ్బా, ముఖం నిండా విసుగు. ఏమీ కాకముందే పిలిచినందుకు ఏదో గొణుక్కుంటూ పోయి ఆ కుర్చీలో కూర్చున్నాడు. కోటుకు వీపు ఆనించాడు. అది ఆయనది కాదట. ఎవరిదో మాకు ఆఖరికీ తెలియలేదు.

ముందు వెంటిలేటర్ లేకుండానే చూస్తామంది స్క్రీన్‌లో ఆమె. గాలిని ఒత్తిడితో పంపే మాస్కు ఒకటి గట్టిగా బిగించారు. మా ఊళ్లో ప్రైవేటు దవాఖాన వెంటిలేటర్ పెడదామంటే బిల్లు కోసమని అనుమానిస్తారు. వద్దంటే ఏమని అనుమానించాలో నాకు తోచలేదు. దానికోసమే ఆ గంటలన్నీ వరండాలో అటూ ఇటూ తిరిగాను.

నడిరేయి దాటాక మళ్లీ లోపలికి పిలిచారు.

"ఇంక గొట్టం వెయ్యాలె," అంది స్క్రీన్‌లో ఆమె.

"ఇంతసేపు వద్దన్నారు కదా మేడం. ఇప్పుడెందుకు?" అన్నాను.

ఆమె కోపం తెచ్చుకోలేదు. "సార్, నా మాట నమ్మకున్రి. ఆమెను ఏదన్న ఒక ముచ్చట అడగున్రి. జవాబు చెప్పమనున్రి."

బావ పడక మీదికి వంగాడు. ఏం అడగాలో ఆయనకు తోచలేదు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన అడగకముందే అక్క జవాబు చెప్పేది. "ఏమే... ఇంటి తాళం చెవి ఏడ పెట్టినవ్?" అన్నాడు.

"ఫ్రిజ్..." అంది అక్క. ఊపిరి తీసింది. మళ్లీ తీసింది. "ఫ్రిజ్..." పెదవులు కదిలాయి, మాట రాలేదు. సాయంత్రం ఆగి ఆగి అయినా మాట పూర్తి చేసిన మనిషి, ఇప్పుడు రెండో మాట దాకా చేరలేకపోతోంది. కళ్లు మాత్రం బావను వదలడం లేదు, ఆ జవాబు పూర్తి చేయడమే అన్నింటికంటే ముఖ్యమైనట్టు.

"సరే, సరే, నేను వెతుక్కుంట," అన్నాడు బావ. నా వైపు చూడకుండానే సంతకానికి చెయ్యి చాపాడు.

మమ్మల్ని బయటికి పంపి తెర లాగారు. తెర కింద నుంచి కాళ్లు కనిపించేవి: మత్తు డాక్టరు చెప్పులు, డ్యూటీ డాక్టరమ్మ బూట్లు, నర్సు తెల్ల చెప్పులు. స్క్రీన్‌లోంచి మాటలు వినబడేవి. "మందు ఇచ్చిన్రా... సాచురేషన్ చూడున్రి... తల కింద ఇంకో దుప్పటి పెట్టున్రి... తొందర లేదు, తొందర లేదు." ఒకసారి చెప్పులు వేగంగా కదిలాయి. "గొట్టం పోలే. మళ్ల మాస్కు పెట్టి గాలియ్యున్రి." బావ నా చెయ్యి పట్టుకున్నాడు. మా బంధుత్వంలో అలాంటిది అదే మొదటిసారి. ఇద్దరికీ ఇబ్బందిగానే ఉంది, అయినా ఎవరం వదలలేదు.

తర్వాత మత్తు డాక్టరు గొంతు, ఇంకా విసుగ్గానే: "పోయింది లోపలికి."

"బ్రహ్మాండం," అంది స్క్రీన్. "ఎక్స్‌రే తీపియ్యున్రి. నేను పక్క ఐసీయూల ఒకరిని చూసి వస్త."

మత్తు డాక్టరు బయటికి వచ్చి గోడకు చేరగిలబడ్డాడు. చొక్కా తడిసిపోయింది. "మెడ చాలా పొట్టి," అన్నాడు మాతో, ఫిర్యాదు చేస్తున్నట్టు. "అప్పుడు పిలిచి ఉంటే, ఇంటి దగ్గర నుంచి వచ్చేసరికి కష్టమయ్యేది." డబ్బా తీసుకుని క్యాంటీను మెట్లెక్కాడు.

అక్క కొన్నాళ్లు ఆ మెషీను మీదే ఉంది. మందులు మెల్లగా పట్టాయి, గొట్టం తీశారు. గొంతు బొంగురుపోయి, మాట వచ్చిన మొదటి రోజే తాళం చెవి బావ అనుకున్నట్టు ఫ్రిజ్ మీద కాదని, ఫ్రిజ్ వెనకని సరిచేసింది. పగటి స్పెషలిస్టు ఊరేగింపుతో వచ్చి "మా టీమ్ బాగా చూసుకుంది" అన్నాడు. కాదనలేకపోయాను.

ఒక సాయంత్రం ఆమెను వార్డుకు మార్చారు. కిటికీ ఉన్న గది, రెండు పడకలు, రెండోది ఖాళీ. మెషీన్లు లేవు, గోడకు ఏమీ లేదు. బావ గది నాలుగు మూలలూ చూశాడు, పైకప్పు చూశాడు, బాత్రూములోకి కూడా తొంగి చూశాడు. వార్డు నర్సు మాత్రలు ఇచ్చి పోతుంటే తలుపు దగ్గర ఆపాడు.

"సిస్టరమ్మా, ఈడ రాత్రి ఎవరు చూస్తరు?"

"ఇంకెవరు సార్? మీరే," అంది ఆమె. "ఏమన్న ఐతె బెల్లు కొట్టున్రి."

బావ కుర్చీని పడక కాళ్ల వైపు, సరిగ్గా ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు. లైటు తీసేస్తానంటే వద్దన్నాడు. నేను ఖాళీ పడక మీద ఒరిగాను. అక్క కాసేపు కళ్లు మూసుకుని పడుకుంది, తెరిచింది, మళ్లీ మూసుకుంది.

"ఎందుకట్ల చూస్తున్నవ్?" అంది చివరికి, బొంగురు గొంతుతో. ఒక్క ఊపిరిలో.

"మాట్లాడు," అన్నాడు బావ. "ఇంకొంచెం పొడుగ్గ మాట్లాడు."